మాల్టా నుంచి డబ్లిన్‌కు మూడు గంటల యాభై నిమిషాలు

దెయ్యాలను నమ్మేవాళ్ళను నేను ఎగతాళి చేసేవాణ్ణి కాదు. కూర్చోబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. ఎగతాళే నయమని మా అత్త అనేది. నేను హైస్కూల్లో సోషల్ మాస్టర్ని. గ్రహణం పట్టిన రోజు పిల్లల్ని మైదానంలోకి పిలిచి అందరికీ బిస్కెట్లు పంచిన రకం. మూతపడిన గనుల్లోంచి మనుషుల మాటలు వినిపిస్తాయని మా ఊళ్ళో అనని ఇల్లు లేదు. అలా అన్న ప్రతివాడినీ, "లోపలంతా నీళ్ళు నిండిపోయాయి కదయ్యా, నీళ్ళలోంచి మాటలెలా వస్తాయి?" అని నిలదీసేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లలెవరైనా చూస్తే నవ్వుకోవచ్చు. జరిగింది జరిగినట్టే చెబుతాను. నాకు తెలియనిది తెలియదనే చెబుతాను.

మాది కోలారు బంగారు గనుల ఊరు, కేజీఎఫ్. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, సందులో తమిళం మాట్లాడుకునే ఊరు. నేను పుట్టింది మాత్రం ముళబాగిలు దగ్గర బైరకూరులో. మా నాన్న చెల్లెలు మునియమ్మను ఇక్కడ గనిలో పనిచేసే నారాయణప్పకు ఇచ్చారు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సరళను నేను చేసుకున్నాను. అలా మునియమ్మత్త నాకు రెండు విధాలా అత్తే. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి కాబట్టి అల్లుడి మర్యాదలేవీ మా మధ్య లేవు. పెళ్ళయ్యాక ఆమె ఉండే లైనింట్లోనే కాపురం పెట్టాం. గని కార్మికుల కోసం వరసగా కట్టిన పాత ఇళ్ళను మా వైపు అలాగే పిలుస్తారు.

నారాయణప్ప మామ గనిలోనే పోయాడు. అప్పుడు నాకు ఆరేళ్ళు, సరళకు మూడు. మా గనులు చాలా లోతు. అంత లోతున మీద బరువు ఎక్కువై రాయి దానంతటదే పేలేది. ఆ అదురుకు పైన ఇళ్ళలో గిన్నెలు కదిలేవి. గిన్నెలు కదిలితే ఆడవాళ్ళు ఉన్నపళంగా గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఆ రోజు మా అత్త కూడా పరిగెత్తింది.

గనులు మూసేశాక ఈ ఊళ్ళో సగం మందికి బెంగళూరు రైలే దిక్కయింది. సరళ కూడా నర్సు చదివి, తెల్లవారకముందే రైలెక్కి, చీకటి పడ్డాక దిగేది. మా పాపకు నాలుగేళ్ళు వచ్చాక మాల్టాలో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం దొరికింది. రెండేళ్ళలో మమ్మల్ని పిలిపించుకోవచ్చు అనుకుని పంపాను. వెళ్ళాక తెలిసింది, ఆ ఉద్యోగంతో భర్తనూ బిడ్డనూ పిలిపించుకోవడం కుదరదని. ఐర్లండులో నర్సుగా పేరు నమోదైతే కుదురుతుందట. దానికి డబ్లిన్ వెళ్ళి రెండు రోజుల పరీక్ష రాయాలి. సరళ డ్యూటీలు చేసుకుంటూనే దానికి చదివింది. అప్పటికి ఆమె వెళ్ళి నాలుగేళ్ళయింది. మధ్యలో ఒక్కసారే వచ్చి ఇరవై రోజులు ఉంది.

ఆ నాలుగేళ్ళు నేనెలా ఉన్నానో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మగవాడు పెళ్ళాం కోసం ఏడిస్తే మా వైపు నవ్వుతారు. అందుకని నేను లెక్కలు వేసుకునేవాణ్ణి. మా బళ్ళో ఒక పాత గ్లోబు ఉంది. సోవియట్ రష్యా ఇంకా దాని మీద బతికే ఉంది. మాల్టా మాత్రం లేదు. ఇటలీ కింద సముద్రంలో పెన్నుతో చుక్క పెట్టాను. అందరూ వెళ్ళిపోయాక మా ఊరి నుంచి ఆ చుక్క దాకా దారం పెట్టి కొలిచేవాణ్ణి. దారం జానెడు కూడా వచ్చేది కాదు. ఇంతే కదా దూరం అనుకుని దారాన్ని జేబులో వేసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.

డబ్లిన్ సంగతి వచ్చాక ఇక ఇంటర్నెట్ మీద పడ్డాను. ఏ రెండు ఊళ్ళ పేర్లు కొట్టినా వాటి మధ్య దూరమూ, విమానం పట్టే సమయమూ చెప్పే పేజీలు బోలెడున్నాయి. మాల్టా నుంచి డబ్లిన్‌కు రెండు వేల అయిదు వందల ముప్పై కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి మూడు గంటల యాభై నిమిషాలు. ఆ పేజీని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కొత్తగా అందులో ఏముంటుంది? అయినా చూసేవాణ్ణి.

ఆ సమయం నాకంటే మా అత్తకు ఎక్కువ అవసరం. ఆమె పట్టింపు ఒకటి ఇక్కడ చెప్పాలి.

ఇంట్లోంచి మనిషి ప్రయాణమై వెళ్ళగానే కసువు ఊడవకూడదని అందరిళ్ళలోనూ అంటారు. కాసేపాగి ఊడుస్తారు. గని ఇళ్ళలో అది కాసేపటితో పోయేది కాదు. ఇల్లు వదిలిన మనిషి షాఫ్టు దాకా నడవాలి, మనుషుల్ని కిందికి దించే బోనులో దిగాలి, లోపల ఇంకో బోను మారి మళ్ళీ దిగాలి, అక్కడి నుంచి పనిచోటికి నడవాలి. "గంటన్నరకు నా కాలు కింద పడతాది, అప్పుడు ఊడ్చుకో" అని మామ చెప్పేవాడట. గంటన్నర దాకా అత్త పొరక ముట్టేది కాదు. బోను ఇంకా గాల్లో ఉండగా ఇల్లు ఊడిస్తే మనిషిని ఊడ్చినట్టేనని ఆ లైనిళ్ళలో ఆడవాళ్ళందరి నమ్మకం.

గనులు పోయాయి గానీ అత్త లెక్క పోలేదు. నేను బస్సులో ముళబాగిలు వెళితే గంటన్నర, సరళ బెంగళూరు వెళితే రెండున్నర గంటలు ఇల్లు ఊడ్చేది కాదు. సరళ మొదటిసారి మాల్టా వెళ్ళినప్పుడు, దారిలో ఒకచోట విమానం మారడంతో కలిపి, రాత్రీ పగలూ ఇల్లు ఊడవలేదు. మా ఊళ్ళో ఇల్లు ఒకపూట ఊడవకపోతే ఊరికే తెలిసిపోతుంది. గనుల్లోంచి తీసి పొడి చేసిన రాతిమట్టి కొండల్లా పోసి ఉంది. సయనైడు దిబ్బలంటారు. వాటి దుమ్ము గాలికి లేచి, మూసిన పెట్టెలోకి కూడా దూరుతుంది.

నేను ఊరుకునేవాణ్ణి కాదు. "అత్తా, నీ పొరకకూ విమానానికీ ఏం సంబంధం? పైలట్ నీ వాకిలి చూస్తూ నడుపుతాడా?" అని ఆటపట్టించేవాణ్ణి.

"నువ్వు పాఠాలు బళ్ళో చెప్పుకో. ఎంతసేపు పడతాదో అది చెప్పు చాలు" అనేది.

అలా ఆమెకు టైంటేబుల్ నేనే అయ్యాను. సరళకూ ఇది తెలుసు. ఎక్కడ దిగినా మొదట వచ్చే మెసేజీ ఒకటే: "దిగినా. అమ్మను ఊడ్చుకోమను."

పరీక్ష జనవరిలో పడింది. సోమవారం, మంగళవారం. ఆదివారం విమానం. మాల్టాలో ఉదయం పదింటికి బయలుదేరుతుంది. మనకు అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. దానికి మూడు గంటల యాభై నిమిషాలు కలిపితే సాయంత్రం ఆరూ ఇరవై. విమానం తలుపులు మూసేస్తున్నారని సరళ మెసేజీ పెట్టింది. అత్త అలారం గడియారం తెచ్చి గూట్లో ఎదురుగా పెట్టుకుంది.

ఆ రోజు సంగతులు నాకు బాగా గుర్తున్నాయి. పొద్దున ఊడ్చిన ఇంట్లో సాయంత్రానికి కాలి గుర్తులు పడేంత దుమ్ము చేరింది. పాప పెన్సిళ్ళు చెక్కి పొట్టంతా నేల మీద పోసింది. అత్త అన్నం తినలేదు, అదేమంటే ఆకలి లేదంది. నేనూ సరిగా తినలేదు. ఈ పరీక్ష గట్టెక్కితే ఇంకో ఏడాదిలో ముగ్గురం ఒకచోట ఉంటాం. గట్టెక్కకపోతే ఎన్నేళ్ళో తెలియదు. నాకు అదొక్కటే మనసులో తిరుగుతోంది.

ఆరూ పది దాటింది. పొద్దు గూకింది. దీపాల వేళకు ముందు ఇల్లు ఊడవాలి, దీపం పెట్టాక ఊడవకూడదు, ఇది అత్తకు ఇంకో పట్టింపు. విమానం దిగే వేళా దీపం వేళా ఒకటే కావడంతో ఆమె ఎటూ తోచక పొరక పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లైటు కూడా వేయనివ్వలేదు. లైటేసినా దీపం పెట్టినట్టేనట.

ఆరూ ఇరవై అయింది. మెసేజీ రాలేదు.

"టైమైపోయింది, దిగిపోయుంటుంది. ఊడ్చి దీపం పెట్టత్తా" అన్నాను.

"ఇంగా దిగలేదప్పా. పాప ఫోన్ చెయ్యనీ." ముప్పై దాటినా కూతురు ఆమెకు పాపే.

"విమానం ఆగాకే కదా ఫోన్ వేసుకోనిస్తారు. నేను లెక్క చూసే చెబుతున్నా."

"నీ లెక్క నీకు. సుమ్నే కూర్చో, మాట్లాడొద్దు."

ఎందుకో నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళుగా లోపల అణుచుకున్నదంతా ఆ పొరక మీదికి వచ్చింది. నేను దూరాలు చదివి, సమయాలు చదివి మనసును సమాధానపరచుకుంటూ ఉంటే, ఈమె చీపురు పట్టుకుని నా కళ్ళెదుట భయం పెంచుతోందనిపించింది. ఆమె చేతిలోంచి పొరక లాక్కున్నాను. వంటింట్లోంచి మొదలుపెట్టి గుమ్మం దాకా బరబరా ఊడ్చేశాను. చేటలోకెత్తి, తీసుకెళ్ళి వాకిలవతల కాలవగట్టున పోశాను. పెళ్ళయ్యాక నేను ఆ ఇల్లు ఊడవడం అదే మొదటిసారి.

తిరిగి వచ్చేసరికి అత్త తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గోడకానుకుని కిందికి జారి కూర్చుంది. "ఎంత పని చేస్తివప్పా" అంది, అంతే.

ఆరున్నర అయింది. ఫోన్ రాలేదు. నేను చేస్తే స్విచ్చాఫ్ వస్తోంది. విమానాల రాకపోకలు చూపించే పేజీ తెరిచాను. దిగినట్టు లేదు. ఆలస్యమని కూడా లేదు. రావలసిన సమయం ఆరూ ఇరవై అని అలాగే ఉంది. ఆరూ ముప్పై అయిదుకు మళ్ళీ చూశాను. అదే.

నమ్మకం లేనివాణ్ణి కదా, నాకు భయం ఉండకూడదు. ఆ పేజీ మాత్రం మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాను. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుంది, విమానాలు ఆలస్యం కావా అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. అది నా బుర్రకు ఎక్కలేదు. కాలవగట్టున పోసిన దుమ్మే కళ్ళముందు కనిపిస్తోంది.

అప్పుడు అత్త ఎన్నడూ చెప్పని మాట చెప్పింది. నా వైపు చూడకుండా గడియారం వైపు చూస్తూ చెప్పింది.

"ఆ పొద్దు గూడా ముందే ఊడిస్తిని. గంట గూడా కాలేదు. ఊరి నుంచి మా అన్న వస్తా ఉన్నాడు, ఇల్లు ఇట్లుంటే ఏమనుకుంటాడో అని. మీ మామ ఇంగా బోనులోనే ఉండాడు. నాకు తెలిసే ఊడిస్తిని."

మా అన్న అంటే మా నాన్న. ఆ రోజు నాన్న వెంట నేనూ వచ్చాను. రాగుల మూట మీద కూర్చుని బస్సులో వచ్చింది నాకు గుర్తుంది. మేం ఇంట్లో కాళ్ళు కడుక్కుంటుండగా గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. అత్త మా చేతికి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పరిగెత్తింది. ఆ ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో కూడా నాకు గుర్తుంది. అది మా కోసమని నాకు ముప్పై ఏళ్ళ తర్వాత తెలిసింది.

"ఎవురికీ చెప్పలేదు. మీ నాయనకు గూడా" అంది. "మీ మామ కోపం ఇంగా పోలేదు. నాకు తెలుసు."

రాయి పేలడానికీ చీపురుకూ సంబంధం లేదని ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. నవ్వుతూ చెప్పాను. ఆమె ఏం మోస్తూ నా నవ్వు వింటోందో నాకు తెలియదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

అత్త లేచి చేట తీసుకుని బయటికి నడిచింది. ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. ఆపలేదు. ఫోన్‌లో లైటు వేసుకుని వెనకే వెళ్ళాను. కాలవగట్టున పోసిన దుమ్మును, పెన్సిలు పొట్టుతో సహా, ఇద్దరం చేతులతో చేటలోకి ఎత్తాం. ఎదురింటివాళ్ళు చూస్తే మాస్టరుకు పిచ్చెక్కిందనుకునేవాళ్ళు. తెచ్చి ఇంట్లో నేలంతా మళ్ళీ చల్లాం. వంటింటి మూల నుంచి గుమ్మం దాకా, రంగోళీకి పిండి చల్లినట్టు, అత్త గుప్పెడు గుప్పెడు చల్లుతూ వెనక్కి నడిచి వచ్చింది. "ఇంగ ఎవురూ లోపలికి పోవద్దు, చెదురుతాది" అని తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది.

ముగ్గురం బయట మెట్టు మీద కూర్చున్నాం. పాప నా ఒళ్ళో ఉంది. చేట పక్కన ఉంది. పొరక అత్త ఒళ్ళో ఉంది. మా ఇంట్లో పొరక అదొక్కటే. వంటింటి వైపు వెనక తలుపుకు లోపల గడియ వేసి ఉంది, దాని ముందు నీళ్ళ డ్రమ్ము ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో ఇంకాసేపటికి తెలుస్తుంది.

అప్పుడు ఆరూ నలభై అయిదు. గాలి పెద్దగా లేదు. ఎదురింటి తీగ మీద ఆరేసిన చీర కదలకుండా వేలాడుతోంది. అత్త పెదాలు కదులుతున్నాయి. మొక్కుకుంటోందనుకున్నాను. చెవి పెట్టి వింటే మొక్కు కాదు, మామతో మాట్లాడుతోంది.

"దాన్ని దించు. నా మీద ఉంటే నా మీద తీర్చుకో. దాన్ని దించు చాలు" అంటోంది.

ఇరవై నిమిషాలు అలా కూర్చున్నాం. నాకు ఏ శబ్దమూ వినిపించలేదు, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. ఏడూ అయిదుకు అత్త ఉన్నట్టుండి మాట ఆపింది. తల తిప్పి తలుపు వైపు చూసింది. కాసేపు చెవులు రిక్కించి విన్నది. తర్వాత లేచింది.

"దిగినాదప్పా" అంది.

గొళ్ళెం తీసి తలుపు తోసింది. నేను వెనక నుంచి ఫోన్ లైటు వేశాను.

నేల శుభ్రంగా ఉంది. ఒక్క చోట కాదు, వంటింటి మూల నుంచి గుమ్మం దాకా. మేం చల్లిన దుమ్మంతా గడపకు లోపల ఎడమ వైపున ఒక చిన్న కుప్పగా ఉంది. ఎవరైనా ఊడ్చి, చేటలోకి ఎత్తడానికి సిద్ధం చేసినట్టు. పెన్సిలు పొట్టు కూడా ఆ కుప్పలోనే ఉంది. పొరక అత్త చేతిలో ఉంది.

అత్త ఆశ్చర్యపోలేదు. ఆ కుప్ప ముందు కూర్చుని, దాని మీద చెయ్యి పెట్టి, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పాప భయపడి నా మెడ పట్టుకుంది.

రెండు నిమిషాలకేమో ఫోన్ మోగింది. సరళ.

"దిగినా. అమ్మను ఊడ్చుకోమను" అంది.

నేను ఫోన్ అత్తకిచ్చాను. "ఊడ్చడం అయిపాయ తల్లీ. మీ నాయన ఊడ్చినాడు" అంది. అవతల సరళకు ఏం అర్థమైందో తెలియదు.

తర్వాత సరళ చెప్పింది. డబ్లిన్‌లో ఆ రోజు గాలి విపరీతంగా ఉందట. విమానం సరిగ్గా టైముకే కిందికి వచ్చింది. రన్‌వే కనిపిస్తోంది, చక్రాలు నేల తాకబోతున్నాయి అనుకునేంతలో ఇంజను గట్టిగా అరిచి మళ్ళీ పైకి లేచింది. జనం కేకలు పెట్టారు. చుట్టూ తిరిగి ఇంకోసారి దిగబోయింది, అప్పుడూ అంతే. ఆ తర్వాత పైలట్ చాలాసేపు మబ్బుల్లో తిప్పాడు. మూడోసారి వస్తుంటే సరళ కళ్ళు మూసుకుందట. ఈసారి మెత్తగా దిగింది. అక్కడి గడియారంలో అప్పుడు ఒంటి గంటా ముప్పై అయిదు. మనకు ఏడూ అయిదు.

మొదటిసారి పైకి లేచినప్పుడు టైమెంతో అడిగాను. ఒంటి గంటకు పది నిమిషాలు తక్కువ కావచ్చు, సరిగా చూడలేదు అంది. అంటే మనకు ఆరూ ఇరవై. నేను పొరక లాక్కున్న వేళ. కాకతాళీయమని అంటారు, నేనూ అంటాను. గాలి ఎక్కువైతే విమానం దిగకుండా పైకి లేవడం మామూలేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. దాన్ని నేను పట్టుకుని వేలాడను.

ఆ కుప్ప మాత్రం నా కళ్ళతో చూశాను. మర్నాడు బడికి సెలవు పెట్టి మాస్టరులాగే పరీక్షలు చేశాను. అంతే దుమ్ము చల్లి తలుపేసి ఇరవై నిమిషాలు బయట కూర్చున్నాను. దుమ్ము దుమ్ములాగే ఉంది. కిటికీ తెరిచి చూశాను, ఫ్యాను వేసి చూశాను. చెల్లాచెదురైంది గానీ కుప్ప కాలేదు. వెనక గడియ వేసినట్టే ఉంది. పైకప్పు రేకులకు పిల్లి దూరే సందు కూడా లేదు. ఒళ్ళో పాప, పక్కన అత్త కూర్చున్న మెట్టు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళు లేరు. చీకట్లో మేమే సరిగా చల్లలేదా అంటే, నా చేతులకంటిన మట్టి ఆ రాత్రి కడుక్కుంది నాకు గుర్తుంది. అత్త నా పరీక్షలన్నీ చూస్తూ కూర్చుని, "అయ్యిందా? ఇంగ ఊడ్చనా?" అంది. ఆమె నవ్వుతూ ఉంది. అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

"ఆయనకు కోపం లేదప్పా" అంది. "కోపముంటే ఊడుస్తాడా? బతికున్నప్పుడు పొరక ముట్టినోడు కాదు."

ఆ రోజు నుంచి అత్త మనిషే మారిపోయింది. ముప్పై ఏళ్ళుగా సగం నిద్ర పోయే మనిషి, ఇప్పుడు నేను లేపితే గానీ లేవదు. కాఫీ నేనే పెట్టాల్సి వస్తోంది.

సరళ పరీక్ష పోయింది. మొదటి రోజు ఇంకా ఆ విమానంలోనే ఉన్నట్టుందట, రాసిందేమిటో తనకే గుర్తులేదట. ఇంకొకసారి రాయడానికి అవకాశం ఉంది, తేదీ ఇంకా రాలేదు. మాల్టాకు తిరిగి వెళ్ళి పాత ఉద్యోగంలోనే ఉంది. ఇది జరిగి ఏడాదిన్నర అయింది. పాప ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. వాళ్ళమ్మ ఫోన్‌లో చూసి, "నిలబడు, ఎంత పొడుగయ్యావో చూస్తా" అంటుంది. ఫోన్‌లో ఎవరి ఎత్తు తెలుస్తుంది?

అందరూ నన్ను అడిగేది ఒకటే, భయం వేయలేదా అని. లేదు. నాకు ఆ కుప్ప చూసినప్పుడు కలిగింది భయం కాదు. చెబితే నవ్వకండి, ఈర్ష్య. భూమిలో అంత లోతున పోయిన మనిషి, ముప్పై ఏళ్ళ తర్వాత, పెళ్ళాం గుండెల మీద బరువు దించడానికి ఆ కాసేపు ఇంటికి రాగలిగాడు. నేను బతికే ఉన్నాను. ఊళ్ళ మధ్య దూరాలన్నీ నాకు నోటికొచ్చు. ఏ విమానానికి ఎన్ని గంటలు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా పెళ్ళాం పన్నెండు గంటలు నిలబడి పనిచేసి, ఊడవని గదిలోకి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పడుతుంది. నాకు ఆమె దగ్గరికి దారి లేదు.

మామ ఎలా వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఎవరికీ రుజువు చేసి చూపించను. ఒక్కసారి వెళ్ళి, ఆమె డ్యూటీ దిగి వచ్చేలోగా ఆ గది ఊడ్చిపెట్టి వచ్చేస్తాను.